సెలెక్షన్‌లో పేరు రాలేదు, మూడు వారాలుగా కిట్ బ్యాగ్ దివాన్ కిందే ఉంది

ఈసీఐఎల్ నాన్న:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మావాడికి 13 నిండాయి, ఎనిమిదో తరగతి. నాలుగేళ్లుగా క్రికెట్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. చలికాలంలో కూడా పొద్దున ఐదింటికి మేం లేపకుండానే లేచి, పాలు తాగి, కిట్ బ్యాగ్ భుజానేసుకుని గేటు దగ్గర నిలబడేవాడు (కోచింగ్ లేని రోజు స్కూలుకి లేవమంటే మాత్రం ఏడైనా లేవడు, అది వేరే కథ). ఎడమచేతి బ్యాటింగ్, కాస్త ఆఫ్ స్పిన్ వేస్తాడు.

పోయిన నెల ఒక అండర్-14 జట్టుకి సెలెక్షన్స్ జరిగాయి. పిల్లల్ని మూడు గంటలు ఎండలో కూర్చోబెట్టి, నెట్‌లో ఒక్కొక్కరికి 12 బంతులు వేశారు. వీడు మొదటి రెండూ వదిలేశాడు, మూడోది ప్యాడ్‌కి తగిలింది, తర్వాత నాలుగైదు బాగానే కొట్టాడు, ఊపు అందుకునేలోపే 'నెక్స్ట్' అన్నారు. బౌలింగ్ వేయమని అసలు అడగనే లేదు. లిస్టు ఆ రాత్రి 10:40కి వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వచ్చింది. పైనుంచి కిందికి మూడుసార్లు చూశాను. రోజూ వీడితో కలిసి ఆటోలో వెళ్లే పిల్లాడి పేరు ఉంది, వీడిది లేదు. చెప్తే 'సరేలే డాడీ' అని అటు తిరిగి పడుకున్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

మర్నాడు లేవలేదు. కిట్ బ్యాగ్ దివాన్ కిందకి తోసేశాడు. ఇవాళ్టికి మూడు వారాలు, దాని మీద దుమ్ము కూడా పట్టింది. బుజ్జగించాను, కోప్పడ్డాను, వాళ్ల తాతయ్యతో చెప్పించాను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ సిరాజ్ వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు, తిలక్ వర్మ వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్ అని మొదలెడుతుంటే వీడు లేచి గదిలోకెళ్లి తలుపేసుకుంటున్నాడు. దయచేసి మీరు కూడా ఆ కథలు చెప్పకండి, వాడికి అవన్నీ కంఠతా వచ్చు.

బ్యాట్‌కి పెట్టిన 14 వేల గురించి కాదు నా బాధ. సరే, కొంచెం దాని గురించి కూడా. కానీ అసలు భయం ఏంటంటే, ఇవాళ దీన్ని ఇలా వదిలేస్తే రేపు లెక్కలు కష్టమైతే లెక్కలు, ఉద్యోగం కష్టమైతే ఉద్యోగం వదిలేస్తాడేమో అని. పిల్లలకి పట్టుదల ఎలా నేర్పుతారు? బలవంతంగానైనా గ్రౌండ్‌కి పంపాలా, వాడి మానాన వాణ్ణి వదిలేయాలా?


రిటైర్డ్ పీఈటీ:

28 ఏళ్లు స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి దిగాను. ముందు ఒక మాట అడుగుతాను, మీవాడి ఎత్తెంత? ఆ లిస్టులో పేరున్న పిల్లాడి ఎత్తెంత?

నవ్వకండి, ఇది సగం జవాబు. 13, 14 ఏళ్ల మగపిల్లల్ని ఒక వరసలో నిలబెడితే ఒకడికి నూనూగు మీసం వచ్చేసి ఉంటుంది, పక్కవాడి గొంతు ఇంకా మారి కూడా ఉండదు. ఇద్దరూ పుట్టింది ఒకే ఏడాదైనా ఎముకల వయసులో రెండేళ్ల దాకా తేడా ఉండొచ్చు. బీసీసీఐ అండర్-16 వాళ్లకి మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ3 అనే పద్ధతిలో ఎముకల వయసు లెక్కగడుతుంది. అది వయసు దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవడానికి పెట్టిందే అయినా, ఈ వయసులో కాగితం మీది ఏడాదికీ ఒంట్లో ఏడాదికీ ఎంత తేడా ఉంటుందో అందరికంటే వాళ్లకే బాగా తెలుసు. నెట్‌లో 12 బంతులు చూసేవాళ్లకి మాత్రం కండ ఉన్నవాడి షాటే కంటికి కనిపిస్తుంది. ముందుగా ఎదిగినవాడి బంతి బౌండరీ దాటుతుంది, మీవాడిది అదే టైమింగ్‌తో మిడాఫ్ దగ్గర ఆగిపోతుంది.

పుట్టిన నెల కూడా ఇందులో పనిచేస్తుంది. వయసు లెక్కకి పెట్టిన కటాఫ్ తేదీ దాటగానే పుట్టినవాడు ఆ గుంపులో అందరికంటే పెద్దవాడు, మరుసటి ఏడాది కటాఫ్‌కి కాస్త ముందు పుట్టినవాడు వాడికంటే దాదాపు ఏడాది చిన్నవాడు. కెనడాలో ఐస్ హాకీ జట్లని చూసి 1980లలోనే ఈ సంగతి పట్టుకున్నారు. అక్కడ కటాఫ్ జనవరి 1, జట్లలో జనవరి నుంచి మార్చి లోపు పుట్టినవాళ్లే గుట్టలుగా తేలారు. అంటే ఎంపికలో కొంత ఆట, కొంత పుట్టినరోజు. ఈ మాట మీవాడికి చెప్పండి, కానీ సాకుగా చెప్పకండి, లెక్కగా చెప్పండి. పిల్లలు లెక్క అర్థం చేసుకుంటారు. 'నువ్వు పనికిరావు' అని ఎవరో అన్నారని వాడు అనుకుంటున్నాడు. ఎవరూ ఆ మాట అనలేదు. ఆ రోజుకి ఇంకొకణ్ణి తీసుకున్నారు, అంతే.

సిరాజ్ వద్దన్నారు కాబట్టి మన సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ గురించి చెప్తాను. 1997 మహిళల ప్రపంచ కప్‌కి ప్రాబబుల్స్‌లో, అంటే ముందుగా అనుకున్న పేర్ల జాబితాలో, ఆమె పేరు ఉంది, అప్పటికి ఆమెకి 14 ఏళ్లు. చివరి జట్టులోకి మాత్రం తీసుకోలేదు. 1999లో ఐర్లాండ్ మీద మొదటి వన్డే ఆడి 114 నాటౌట్. మధ్యలో ఆ రెండేళ్లు ఏం చేసిందో ఏ పేపరూ రాయదు, నాకైతే అక్కడే ఆసక్తి. పొద్దున లేవడం, నెట్స్, స్కూలు, మళ్లీ నెట్స్, అదే అయ్యుంటుంది. అందులో రాయడానికేముంది.

బలవంతంగా పంపొద్దు. కానీ ఫీజు కట్టిన నెల పూర్తయ్యేదాకా వారానికి ఒక్కరోజు వెళ్లి, తర్వాత మానేయాలో వద్దో వాడే చెప్పాలని ఒక ఒప్పందం చేసుకోండి. అలక మీద తీసుకునే నిర్ణయం వేరు, తేరుకున్నాక తీసుకునేది వేరు.


నో ఫిల్టర్:

లక్షలో ఒక్కడికి దొరుకుతుంది సార్ జట్టులో చోటు. వాడే మానేశాడంటే మీ అదృష్టం. ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేయండి.


మధ్యలో దిగిపోయినవాడు:

పైన నో ఫిల్టర్ గారూ, ఐఐటీ సీటు కూడా అందరికీ రాదు కదండీ, అక్కడ లిస్టులో పేరు లేకపోతే దివాన్ కిందకి ఏది తోస్తాడు.

ఈసీఐఎల్ నాన్న గారూ, నేను మీవాడి వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే నేను వాణ్ణే. 2000 చుట్టుపక్కల రోజులు. అండర్-16 సెలెక్షన్స్‌కి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ పేరు రాలేదు. మూడోసారి వెళ్లలేదు. చాలా ఏళ్లు 'పాలిటిక్స్ అన్నా, మనకెవరున్నారు' అని చెప్పుకు తిరిగాను. కొంత నిజం కూడా అయ్యుండొచ్చు, కానీ మూడోసారి వెళ్లకపోవడానికి కారణం అది కాదు. రెండోసారి పేరు రానప్పుడు మా నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, కొట్టలేదు, అన్నం తినేటప్పుడు పేపర్ అడ్డం పెట్టుకునేవారు. ఆ పేపర్ ఇంకోసారి చూడటం నావల్ల కాదనిపించింది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన బాధ నా మీద కోపం కాదని, ఆయనకి ఏం మాట్లాడాలో తెలియలేదని నాకు నలభై ఏళ్లొచ్చాక అర్థమైంది.

అందుకే సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. సెలెక్షన్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు కారులో ఏం మాట్లాడుకున్నారు? మీ పోస్టులో నెట్ ఉంది, ఎండ ఉంది, రాత్రి 10:40 ఉంది. మధ్యలో ఆ దారి లేదు.

ఇంకోటి. 2003 ప్రపంచ కప్ జట్టులో లక్ష్మణ్ పేరు లేనప్పుడు మా కాలేజీ క్యాంటీన్‌లో రెండు రోజులు అదే లొల్లి. ఈడెన్‌లో 281 కొట్టి రెండేళ్లు కూడా కాలేదు, ఆయన్నే పక్కన పెట్టారు. అదే ఏడాది చివర్లో ఆస్ట్రేలియా వెళ్లి అడిలైడ్‌లో ద్రవిడ్‌తో కలిసి 303 పరుగుల భాగస్వామ్యం, ఆయన వాటా 148, తర్వాత సిడ్నీలో 178. అంత పెద్ద ఆటగాడికే ఆ దెబ్బ నుంచి బయటికి రావడానికి టైం పట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 13 ఏళ్ల పిల్లాడికి మీరు మూడు వారాలు ఇచ్చి 'ఇంకా ఏంటి' అంటున్నారు.


ఈసీఐఎల్ నాన్న:

దిగిపోయినవాడు గారూ, మీ మెసేజ్ నిన్న మధ్యాహ్నం ఆఫీసులో చదివాను, వెంటనే జవాబివ్వలేకపోయాను.

కారులో నేనన్న మొదటి మాట 'మొదటి రెండు బంతులు ఎందుకు వదిలేశావ్?'. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర వాడన్నాడు, 'కొత్త బంతి కదా డాడీ, ఎంత తిరుగుతుందో చూద్దామనుకున్నా' అని. 'చూడ్డానికి వెళ్లావా, ఆడ్డానికి వెళ్లావా' అన్నాను. అక్కడి నుంచి ఇంటిదాకా నేనే మాట్లాడాను. వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి నేను నిజంగానే మర్చిపోయాను, మీరు అడిగేదాకా గుర్తు రాలేదు. వాడు మర్చిపోయి ఉండడు.

పీఈటీ మాస్టారూ, ఎత్తు అడిగారు కదా. ఆ పిల్లాడు మావాడికంటే జానెడు పొడుగు. మీరు చెప్పాక చూస్తే లిస్టులో నాకు తెలిసిన నలుగురూ అంతే.

ఒక సంగతి చెప్పలేదు, ముఖ్యమో కాదో తెలీదు. వాడు గ్రౌండ్‌కి వెళ్లట్లేదు గానీ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టెన్నిస్ బాల్‌తో ఆడుతున్నాడు. కార్ల మధ్యలో, పిల్లర్‌కి చాక్‌పీస్‌తో వికెట్లు గీసుకుని. వాచ్‌మన్ రెండుసార్లు కంప్లైంట్ చేశాడు, ఎవరిదో సైడ్ మిర్రర్ పగిలింది. నేను దాన్ని క్రికెట్ కింద లెక్కేయలేదు.


మల్కాజిగిరి షటిల్ అమ్మ:

అన్నయ్యగారూ, ముఖ్యమో కాదో ఏంటండీ, అదే అసలు విషయం! వాడు ఆట మానలేదు. తనకి మార్కులు వేసే చోటికి వెళ్లడం మానేశాడు.

మా అమ్మాయికి 12, షటిల్ ఆడుతుంది. పోయినేడాది ఒక టోర్నమెంటుకి రైల్లో ఐదు గంటలు ప్రయాణం చేసి వెళ్లి మొదటి రౌండ్‌లోనే 9-21, 11-21 ఓడిపోయింది. మొత్తం ఆట 20 నిమిషాలు కూడా లేదు. నేను తెల్లవారుజామున మూడింటికి లేచి కట్టిన పులిహోర డబ్బా మూత ఇంకా తీయలేదు. రిటర్న్ టికెట్ రాత్రికి. అప్పుడేం చేయాలో తెలీక అక్కడే కూర్చుని పులిహోర తిన్నాం, మిగతా మ్యాచ్‌లు చూశాం. రెండో మ్యాచ్ దాకా అది మాట్లాడలేదు. మూడో మ్యాచ్‌లో తనని ఓడించిన అమ్మాయి ఇంకో పిల్ల చేతిలో ఓడిపోయి, వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తోంది. మాది లేచి వెళ్లి ఆ పిల్లకి నీళ్ల బాటిల్ ఇచ్చి వచ్చింది. వచ్చాక 'అమ్మా, దాని బ్యాక్‌హ్యాండ్ వీక్, నేను చూడనేలేదు' అంది. నేను పట్టుదల మీద ఒక్క ముక్క చెప్పలేదండీ, టికెట్ రాత్రికి ఉండబట్టి అదంతా జరిగింది, పగలే ట్రైన్ ఉంటే నేనూ దార్లో క్లాసు పీకేదాన్నే.

సింధు గురించి పిల్లలకి ఒలింపిక్ పతకాలే చెప్తాం. మా ఇంట్లో నేను ఇంకోటి చెప్తుంటాను. 2017లో గ్లాస్గోలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జపాన్ అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి మూడో గేమ్ 20-22తో పోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. 2018లో మళ్లీ ఫైనల్‌కి వెళ్లి మారిన్ చేతిలో ఓడింది, అదే ఏడాది కామన్వెల్త్ ఫైనల్లో సైనా చేతిలో, ఏషియన్ గేమ్స్ ఫైనల్లో తై జూ యింగ్ చేతిలో. 'ఫైనల్ అంటే సింధుకి భయం' అని సోఫాలో కూర్చుని మాట్లాడినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నారు. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారా మీద 21-7, 21-7. నలభై నిమిషాలు కూడా పట్టలేదు.

అన్నిసార్లు ఫైనల్ ఓడాలంటే ముందు అన్నిసార్లు ఫైనల్ దాకా గెలవాలి కదా అని మా అమ్మాయే అంది ఒకసారి. నాకు ఆ ముక్క తట్టలేదు.

మీరు మాత్రం కారు సంగతి వాడితో మాట్లాడండి. క్షమాపణ అని పెద్ద పేరు పెట్టక్కర్లేదు.


గల్లీ ఆల్‌రౌండర్:

అన్నా, సిరాజ్ కథ వద్దన్నవ్ కానీ నేను ఆటో కథ చెప్పను, వేరేది చెప్తా, ప్రామిస్.

2025 ఇంగ్లండ్ టూర్. లార్డ్స్‌లో 193 కొట్టాలె, ఒక ఎండ్‌లో జడేజా నిలబడ్డడు, లాస్ట్ వికెట్ సిరాజ్. బషీర్ బంతిని మంచిగనే డిఫెండ్ చేసిండు, అది బ్యాట్‌కి తగిలి మెల్లగ వెనక్కి దొర్లి వికెట్లకి తాకింది. 22 పరుగులతో ఓడినం. మనోడు అక్కడే క్రీజ్‌లో కూలబడ్డడు. ఆ తర్వాత ఓవల్‌లో లాస్ట్ టెస్ట్, బ్రూక్ 19 మీద ఉన్నప్పుడు క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కిండు, అవుట్ పోయి సిక్స్ అయింది. బ్రూక్ 111 కొట్టిండు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఏం తిట్లు తిట్టిన్రో ఇక్కడ రాస్తే మోడరేటర్ నన్ను తీసేస్తడు. తెల్లారి మిగిలిన నాలుగు వికెట్లలో మూడు ఆయనే తీసిండు, ఆఖరిది అట్కిన్సన్ స్టంప్ లేపేసి, 6 పరుగులతో గెలిచినం.

ఇందులో నీకు పనికొచ్చే ముక్క ఏందంటే, తాడు తొక్కిన మనిషి చేతికే తెల్లారి బంతి ఇచ్చిన్రు. అది ఇవ్వకపోతే ఆయన పట్టుదల ఎక్కడ చూపించాలె? నీ కొడుక్కి కూడా ఎవరో ఒకరు బంతి ఇవ్వాలె కదా. సెలెక్షన్‌ల బౌలింగే అడగలేదన్నవ్. మా టీమ్ ఆదివారాలు మౌలాలి దిక్కు ఆడతది, అందరం ముప్పై దాటినోళ్లమే, పొట్టలున్నయ్, పెద్ద పోటీ ఏం ఉండది. మస్తు సార్లు ఒక మనిషి తక్కువ పడతడు. సెలెక్టర్ ఎవ్వడు ఉండడు. పంపిస్తే నాలుగు ఓవర్లు గ్యారంటీ, సమోసాలు కూడా.


ఈసీఐఎల్ నాన్న:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, కొందరు మెసేజ్ చేసి అడిగారు కాబట్టి.

కారు సంగతి మాట్లాడాను. ఎలా మొదలెట్టాలో తెలీక రెండు రోజులు తిప్పుకున్నాను, చివరికి సెల్లార్‌లో బైక్ తుడుస్తుంటే వాడు బాల్ కోసం అటు వచ్చాడు. 'ఆ రోజు మొదటి రెండు బంతులు నువ్వు వదిలింది కరెక్టే, నాకే తెలీక అన్నాను' అని చెప్పాను. వాడు కాసేపు బాల్ గోడకి కొట్టుకుంటూ ఉండి, 'మూడోది కూడా వదలాల్సింది డాడీ, అది లోపలికొచ్చింది, నేను చూసుకోలేదు' అన్నాడు. మూడు వారాలుగా వాడి తలలో అదే తిరుగుతోందన్నమాట, నేనేమో వీడికి పట్టింపు లేదనుకున్నాను.

ఒప్పందం గురించి మాస్టారు చెప్పింది చెప్పాను, వారానికి ఒక్కరోజుకి ఒప్పుకోలేదు. 'వెళ్తే వాళ్లంతా అడుగుతారు' అన్నాడు. లిస్టులో పేరున్న ఆ ఫ్రెండ్‌కి ఎదురుపడటమే వీడి కష్టం, అది నాకు తట్టలేదు. బలవంతపెట్టలేదు.

కానీ ఆదివారం ఆల్‌రౌండర్ తమ్ముడి టీమ్‌కి వెళ్లాం. దివాన్ కింద నుంచి బ్యాగ్ వాడే లాగాడు. నాలుగు ఓవర్లు అన్నారు, మూడే ఇచ్చారు (తమ్ముడూ, గుర్తుంచుకుంటా). 26 పరుగులిచ్చి ఒక వికెట్ తీశాడు, ఒక క్యాచ్ వదిలాడు, బ్యాటింగ్‌లో 11. తిరిగి వచ్చేటప్పుడు నేను నోరు మూసుకుని నడిపాను, ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను, క్యాచ్ గురించి నాలుక చివర ఆరు మాటలున్నాయి. మౌలాలి నుంచి ఈసీఐఎల్ దగ్గరే కాబట్టి బతికిపోయాను. ఇంటి దగ్గర దిగేటప్పుడు వాడే అన్నాడు, 'వచ్చే ఆదివారం కూడా ఒకరు తక్కువైతే చెప్పమన్నావా అంకుల్‌ని?' అని.

అకాడమీకి వెళ్తాడో లేదో ఇంకా తెలీదు. ఆ ఫ్రెండ్ మాత్రం నిన్న సెల్లార్‌కి వచ్చాడు, ఇద్దరూ చీకటి పడేదాకా ఆడారు, సెలెక్షన్ మాట ఎవరూ ఎత్తినట్టు లేదు.

మాస్టారూ, ఒక్క డౌట్. స్టాన్స్‌లో నిలబడితే బ్యాట్ పొట్టిగా అనిపిస్తోంది, వాడు బాగా వంగాల్సి వస్తోంది. సైజ్ 6 అది, ఏడాది క్రితం కొన్నాం. ఈ నాలుగు నెలల్లో ప్యాంట్లన్నీ చీలమండ పైకొచ్చేశాయి. మార్చాలా?


రిటైర్డ్ పీఈటీ:

ఎదుగుతున్నాడన్నమాట, మంచిదే. ఈ టైంలో టైమింగ్ కొన్నాళ్లు తప్పుతుంది, కాళ్లూ చేతులూ పొడుగవుతుంటే పాత అంచనాలు పనిచేయవు, కంగారు పడకండి. మోకాలి కింద గానీ మడమ దగ్గర గానీ నొప్పి అంటే మాత్రం నటిస్తున్నాడనుకోకుండా డాక్టర్‌కి చూపించండి, ఈ వయసులో అది మామూలే.

బ్యాట్ అప్పుడే కొనకండి. ఆ ఫ్రెండ్ పొడుగన్నారుగా, వాడి బ్యాట్ తీసుకుని రెండు వారాలు ఆడి చూడమనండి.